ఇంట్లో ఎవరూ కాలేజీకి వెళ్లకపోయినా బీడీఎస్ చదవడం ఎలా

ఇంటర్ బైపీసీ చదువుతూ, పళ్ల డాక్టర్ కావాలని, అంటే బీడీఎస్ చదవాలని మనసులో ఉండి, ఆ సంగతి ఎవరిని అడగాలో తెలియని పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాది జగిత్యాల జిల్లా మెట్‌పల్లి. అమ్మ బీడీలు చేస్తుంది, బాపు పసుపు మార్కెట్లో హమాలీ. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివి, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ చేసి, కన్వీనర్ కోటాలో (ర్యాంకును బట్టి తక్కువ ఫీజుకు ఇచ్చే సీటు) ఒక ప్రైవేటు కాలేజీలో బీడీఎస్ పూర్తి చేశాను. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ఏటా నీట్ ఫలితాలు రాగానే మా వాడకట్టు నుంచి, బంధువుల ఇళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మార్కులు వచ్చాక కూడా సీటు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. ఒకమ్మాయి అప్లికేషన్‌లో ఇంటర్నెట్ సెంటర్ అతని ఫోన్ నంబరు ఉంది. ఓటీపీ అతనికి వెళ్లింది, అతను ఆ రోజు ఊళ్లో లేడు. ఒకబ్బాయిని ఇంటర్‌కు పక్క రాష్ట్రానికి పంపారు, స్థానికత పోయింది, అంటే మన రాష్ట్రం సీట్లకు లోకల్ కాకుండా పోయాడు. డాక్టర్ల ఇళ్లలో ఇలాంటివి భోజనాల దగ్గర మాటల్లో తెలిసిపోతాయి. మనకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

ముందు బీడీఎస్ మీకు కావాలో లేదో చూసుకోండి

బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఎంబీబీఎస్ రాలేదు కాబట్టి ఇందులో చేరుదామనుకుంటే ఇంకోసారి ఆలోచించండి. అలా చేరినవాళ్లు మొదటి ఏడాదంతా మనసు ఒకచోట, మనిషి ఒకచోట అన్నట్టు ఉండి, మళ్లీ నీట్ రాస్తూ, ఇటు అనాటమీ కూడా తప్పడం చూశాను. ఇది చేతిపని ఉన్న వృత్తి. అరచేతిలో సగం లేని నోట్లో, చిన్న అద్దంలో తిరగబడి కనిపించే పన్ను మీద, ఉమ్మి, రక్తం మధ్య గంటల తరబడి పని చేయాలి. పిల్లలు ఏడుస్తారు, పెద్దలు భయపడి మన చెయ్యి పట్టుకుని ఆపేస్తారు. నాకు ఆ పని ఇష్టం. నొప్పితో రాత్రంతా నిద్రపోని మనిషి, కుర్చీ దిగేటప్పటికి ముఖం తేలికపడి కనిపించడం కంటే నాకు తృప్తినిచ్చేది ఇంకోటి లేదు.

మీకు ఇష్టమో కాదో తెలుసుకోవడానికి ఒక పూట చాలు. మీ జిల్లా ఆసుపత్రిలో డెంటల్ ఓపీ ఉంటే ఉదయం వెళ్లి బయట బెంచీ మీద కూర్చోండి. లేదా మీ టౌన్లో ఉన్న డెంటిస్టు దగ్గరికి సాయంత్రం రద్దీ లేనప్పుడు వెళ్లి, "డాక్టరు గారూ, నేను బైపీసీ చదువుతున్నాను, ఒక పూట మీ పని చూడొచ్చా?" అని అడగండి. ఒకరు కాదంటే ఇంకొకరిని అడగండి. ఎవరో ఒకరు ఒప్పుకుంటారు.

ఇంకో మాట ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఐదేళ్లు సంపాదన ఉండదు. ఆ తర్వాత మొదటి రెండు మూడేళ్లు వచ్చే జీతం, "డాక్టర్" అన్న మాట విని ఇంట్లోవాళ్లు ఊహించుకునేంత ఉండదు. మూడేళ్లలో జీతం ఇంటికి రావడం తప్పనిసరైతే బీడీఎస్ ఆ అవసరం తీర్చదు. బీఎస్సీ నర్సింగ్, ల్యాబ్ టెక్నాలజీ లాంటివి కూడా గౌరవంగా బతికించే చదువులే. ఈ లెక్క ముందే చెప్పుకున్న ఇళ్లలో తర్వాత గొడవలు తక్కువ.

నీట్

దేశమంతా బీడీఎస్‌కు నీట్ ఒక్కటే దారి. 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. సరైన జవాబుకు 4, తప్పుకు ఒకటి పోతుంది. 2025 నుంచి సమయం మళ్లీ 3 గంటలే. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. జనరల్ వాళ్లకు 50 పర్సంటైల్ (అంటే రాసినవాళ్లలో సగం మందికంటే పైన ఉండటం, 50 శాతం మార్కులు కాదు), బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 పర్సంటైల్ వస్తే అర్హత వస్తుంది. అర్హత వేరు, సీటు వేరు. "క్వాలిఫై అయ్యాడు" అని ఊళ్లో స్వీట్లు పంచేముందు రాష్ట్ర ర్యాంకు ఎంతో చూడండి.

సగం మార్కులు బయాలజీవే కాబట్టి తెలుగు మీడియం పిల్లలు ధైర్యంగా ఉండొచ్చు. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తారు, తెలుగు ఎంచుకుంటే ఇంగ్లీషు కూడా పక్కనే ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్ననే ప్రామాణికంగా తీసుకుంటారు. అందుకే తెలుగులో రాసినా, ముఖ్యమైన పదాలు ఇంగ్లీషులో కూడా గుర్తుపట్టేలా చదువుకోండి. బీడీఎస్ మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుంది, ఆ అలవాటు అక్కడా పనికొస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్లో ఉచితం. బయాలజీ పుస్తకాలు బొమ్మల కింద రాసిన వాక్యాలతో సహా చదవాలి.

ఇంటర్ అయ్యాక ఏడాది ఆగి తీసుకునే లాంగ్‌టర్మ్ కోచింగ్ గురించి నన్ను ఎక్కువగా అడుగుతారు. ఒక ఏడాది తీసుకోవడంలో తప్పులేదు. రెండో ఏడాదికి అప్పు చేయాల్సి వస్తే మాత్రం, మొదటి ఏడాదిలో మార్కులు గట్టిగా పెరిగాయా అని చూసుకుని నిర్ణయించండి. కొద్దిగానే పెరిగి ఉంటే ఆ అప్పు వద్దంటాను.

కాగితాలు

ఇక్కడ నెమ్మదిగా చదవండి. ఇదంతా ఇంటర్ రెండో ఏడాది దసరాకల్లా మొదలుపెట్టాలి.

మొదట పేరు. పదో తరగతి మెమోలో మీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లో, ఇంటర్ మెమోలో, కుల ధ్రువీకరణ పత్రంలో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మా ఊళ్లలో బాపు పేరు రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటం మామూలు. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావి సరిచేయించండి. ఆధార్ మార్పుకు రోజులు పడుతుంది, కౌన్సెలింగ్ మొదలయ్యాక అంత టైం ఉండదు.

తర్వాత ఫోన్ నంబరు, ఈమెయిల్. ఇంటర్నెట్ సెంటర్లో అప్లికేషన్ పెట్టించుకోవచ్చు, కానీ నంబరు మీ ఇంట్లో ఉండేది, రీఛార్జ్ ఆగిపోనిది ఇవ్వాలి. నీట్ నుంచి సీటు వచ్చి చేరేదాకా అదే నంబరు, అదే ఈమెయిల్. పాస్‌వర్డ్‌లు ఒక నోట్‌బుక్‌లో రాసి అమ్మకు కూడా చూపించండి. సెంటర్ అతను ఎంత మంచివాడైనా మీ పాస్‌వర్డ్ అతని దగ్గర ఒక్కచోటే ఉండకూడదు.

కుల పత్రం, ఆదాయ పత్రం తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు చేస్తారు, తహసీల్దార్ ఆఫీసు ఇస్తుంది. ఆదాయ పత్రం పాతది చెల్లదు, ఆ సంవత్సరానిదే తీసుకోండి. బీసీ పిల్లలు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి: రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ వేరు, కేంద్రం కోసం ఇచ్చే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరు. నీట్ అప్లికేషన్‌లో అడిగేది రెండోది. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు, ముందు అది చూసుకోండి. రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ కూడా ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరం కొత్తగా తీసుకోవాలి.

చదువు సర్టిఫికెట్లు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రతి ఏడాదివి కావాలి. బడులు మారినవాళ్లు ప్రతి బడికీ వెళ్లి తెచ్చుకోవాలి. మూతపడిన ప్రైవేటు బడి అయితే మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో అడగండి. స్థానికత తేలేది ఈ కాగితాల మీదే. తెలంగాణలో ఇప్పుడున్న నిబంధన ప్రకారం ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ తెలంగాణలోనే చదివి ఉండాలి. దీన్ని 2025లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల్లాంటి కొందరికి మినహాయింపులున్నాయి, హమాలీ పిల్లలకు లేవు. పదో తరగతి అవ్వగానే విజయవాడలోనో గుంటూరులోనో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేసే అమ్మానాన్నలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. మీరు చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం వేరువేరుగా లెక్కలోకి వస్తాయి, 85 శాతం సీట్లు స్థానికులవి.

ఇవన్నీ స్కాన్ చేయించి ఫోన్‌లో, ఈమెయిల్‌లో, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. వెబ్‌సైట్ అడిగే సైజుకు తగ్గించినవి కూడా ఒక ఫోల్డర్‌లో వేరుగా ఉంచండి. ఒరిజినల్స్ మాత్రం ల్యామినేషన్ చేయించకండి.

కౌన్సెలింగ్

తెలంగాణలో రాష్ట్ర కౌన్సెలింగ్ వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేస్తుంది. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటా, వాటిని ఢిల్లీ నుంచి కేంద్రం వాళ్ల మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) నింపుతుంది. దానికి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. నీట్ రాశాం కదా, అన్నీ వాటంతటవే జరుగుతాయని అనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. జరగవు. రాష్ట్రానికి ఒక రిజిస్ట్రేషన్, ఎంసీసీకి ఇంకొకటి, మేనేజ్‌మెంట్ కోటా కావాలంటే దానికి మరొకటి. ప్రతిదానికీ గడువు కొద్దిరోజులే ఉంటుంది. యూనివర్సిటీ వెబ్‌సైట్ రోజూ సాయంత్రం మీరే తెరిచి చూడండి. వాట్సాప్ గ్రూపులో వచ్చే ఫొటోను నమ్ముకుని ఉండకండి.

ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటా. మిగతావి బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా అనేది ఇదే), ఎన్నారై కేటగిరీ. బీ కేటగిరీ సీటు కూడా నీట్ ర్యాంకు ప్రకారం యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు. కాబట్టి "సీటు కన్ఫర్మ్ చేయిస్తాను, అడ్వాన్స్ పంపండి" అని ఫోన్ చేసే మనిషికి ఒక్క రూపాయి ఇవ్వకండి. అమ్మానాన్నల ఫోన్‌కే చేస్తారు, తెలిసినవాళ్ల పేర్లు చెప్పి మరీ మాట్లాడతారు. ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలు కావాలో వరుసగా ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు ప్రభుత్వ కాలేజీలు ముందు పెట్టాలి. తెలంగాణలో హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడప. ఫీజు తక్కువన్నది ఒక కారణం. రోగులు ఎక్కువన్నది అంతకంటే పెద్ద కారణం. డెంటల్ చదువులో చెయ్యి తిరగాలంటే కుర్చీలో మనిషి ఉండాలి. ప్రైవేటు కాలేజీల మధ్య ఎంచుకునేటప్పుడు కూడా నేను మొదట చూసేది అదే. గేటు, బిల్డింగు, ఏసీ లైబ్రరీ చూడకండి. పని దినాన ఉదయం పదిన్నరకు వెళ్లి ఓపీలో ఎంతమంది ఉన్నారో చూడండి. ఊళ్ల నుంచి రోగుల్ని తెచ్చే బస్సులున్నాయా, క్యాంపులు పెడతారా అని అక్కడ చదివే థర్డ్ ఇయర్, ఫైనల్ ఇయర్ వాళ్లను అడగండి. ట్యూషన్ ఫీజు కాకుండా ఏయే పేర్లతో ఎంత కట్టించుకుంటారో కూడా వాళ్లే నిజం చెబుతారు.

సీటు వచ్చాక వదిలేస్తే ఏ రౌండ్ దాకా జరిమానా ఉండదు, ఏ రౌండ్ తర్వాత ఉంటుంది అన్నది నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. చేరేముందు ఆ పేరా చదవండి.

డబ్బు

కన్వీనర్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. తెలంగాణలో ఈపాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ద్వారా దరఖాస్తు చేయాలి. ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి 2 లక్షలు, బీసీ, ఈబీసీలకు ఊళ్లలో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి 2.5 లక్షలు. ప్రతి ఏడాదీ రెన్యూవల్ చేయాలి, హాజరు 75 శాతం ఉండాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకై ఉండాలి. ఎంత వస్తుందన్నది మీ వర్గాన్ని, కోర్సును బట్టి ఉంటుంది.

డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యంగా రావడం మామూలు. నేను చదివిన కాలేజీలో పరీక్ష ఫీజు కట్టే సమయానికి ట్యూషన్ ఫీజు బాకీ ముందు కట్టమని ఒత్తిడి చేసేవాళ్లు. బాపు ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి కట్టాడు. అలాంటప్పుడు మీరు కట్టిన ప్రతి రూపాయికీ రశీదు తీసుకోండి, ప్రభుత్వం నుంచి వచ్చాక తిరిగి అడగడానికి అదే ఆధారం. చేరిన మొదటి వారంలోనే కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్లో పనిచేసే క్లర్కు ఎవరో తెలుసుకుని, వెళ్లి నమస్కారం పెట్టి మాట్లాడండి. ఐదేళ్లలో ఆ మనిషితో మీకు చాలా పని ఉంటుంది.

అమ్మకు బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉంటే ఇంకో దారి ఉంది. కేంద్ర కార్మిక శాఖ బీడీ కార్మికుల పిల్లలకు చదువు సాయం ఇస్తుంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తు చేయాలి. వృత్తి విద్యా కోర్సులకు ఏడాదికి 25 వేల దాకా ఉంది. వేరే స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే ఇది రాదు కాబట్టి, ఏది ఎక్కువో లెక్కేసుకుని ఎంచుకోండి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు ఈ కార్డున్న అమ్మలు వేలల్లో ఉన్నారు, ఈ సాయం సంగతి తెలిసినవాళ్లు తక్కువగా కనిపిస్తారు.

బ్యాంకు లోను కావాలంటే విద్యాలక్ష్మి పోర్టల్లో పెట్టండి. 7.5 లక్షల దాకా ఆస్తి తనఖా అడగకూడదు. చదువు అయిపోయాక ఏడాది దాకా కంతులు మొదలుకావు, కానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే ఆ కాలానికి వడ్డీ రాయితీ పథకం ఉంది. మీ కాలేజీకి అది వర్తిస్తుందో లేదో సంతకం పెట్టకముందే మేనేజర్ని అడగండి.

బీ కేటగిరీ సీటు కోసం ఉన్న ఎకరం అమ్మొచ్చా అని అడిగేవాళ్లకు నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను. అమ్మకండి. ఐదేళ్ల ఫీజు, హాస్టల్ కలిపి పెట్టింది బీడీఎస్ డిగ్రీ ఒక్కదాంతో తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. క్లినిక్ ఉన్న డెంటిస్టుల పిల్లలకు ఆ లెక్క వేరు, మనకు వేరు.

ఫీజు కాకుండా ఖర్చులున్నాయి. ఫస్ట్ ఇయర్‌లో కార్వింగ్ పనిముట్లు, మైనపు దిమ్మెలు, ఏప్రాన్లు. సెకండ్ ఇయర్‌లో వ్యాక్స్ నైఫ్, స్పాచులా, రబ్బరు బౌల్, ఆర్టిక్యులేటర్ (దవడల అచ్చులు బిగించి పళ్లు అమర్చే పరికరం), టీత్ సెట్లు. క్లినిక్‌లోకి వెళ్లాక మౌత్ మిర్రర్లు, ప్రోబులు, స్కేలింగ్ పరికరాలు. జాబితా ఇచ్చిన రోజే షాపుకు పరుగెత్తకండి. పై ఏడాదికి వెళ్లిన సీనియర్లు సగం ధరకు ఇస్తారు, కొందరు ఊరికే ఇస్తారు. ఏవి సెకండ్ హ్యాండ్ పనికొస్తాయి, ఏవి కొత్తవే కొనాలి అని కూడా వాళ్లనే అడగండి. నా ఆర్టిక్యులేటర్ నాకంటే ముందు ఇద్దరు వాడినదే, నా తర్వాత ఇంకొకరికి వెళ్లింది.

కాలేజీలోకి వెళ్లాక

మొదటి ఏడాది జనరల్ అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, డెంటల్ అనాటమీ. ఇంగ్లీషు పుస్తకం ఒక పేజీ చదవడానికి గంట పడుతుంది. టెన్షన్ పడకండి, దసరా దాటేసరికి వేగం వస్తుంది. నేను ప్రతి పాఠాన్నీ నా మాటల్లో తెలుగులో నాలుగైదు వాక్యాలుగా రాసుకుని, తర్వాత ఇంగ్లీషులో బయటికి చెప్పుకునేదాన్ని. వైవాలో (నోటితో జవాబు చెప్పే పరీక్షలో) కావాల్సింది ఆ బయటికి చెప్పడమే. ఇంగ్లీషు మీడియం రూమ్మేట్‌తో రాత్రి పడుకునేముందు ఒకరినొకరు పది ప్రశ్నలు అడగండి. వాళ్లకు కాన్సెప్టు మీరు చెప్పండి, మీకు ఉచ్చారణ వాళ్లు చెబుతారు. థియరీలో, ప్రాక్టికల్లో విడివిడిగా 50 శాతం వస్తేనే పాస్ కాబట్టి నోరు విప్పడం మొదటి నెల నుంచే అలవాటు చేసుకోవాలి.

డెంటల్ అనాటమీలో మైనపు దిమ్మె మీద పన్ను చెక్కాలి. పై ముందు పన్ను, సెంట్రల్ ఇన్‌సైజర్, కిరీటం పొడవు 10.5 మిల్లీమీటర్లు, వెడల్పు 8.5, వేరు 13. కొలతలు గీసుకుని నాలుగు వైపుల నుంచి కొద్దికొద్దిగా తీస్తూ రావాలి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నేను చెక్కుతుంటే, పక్కన తునికాకు కత్తిరిస్తున్న అమ్మ ఆపి, "ఒక్కసారే అంత తీయకు బిడ్డా, పోయింది మళ్లా రాదు" అంది. మా మేడమ్ క్లాసులో చెప్పింది కూడా అదే. ఇళ్లల్లో కుట్టుపని, నేతపని, వడ్రంగం, బంగారుపని చూస్తూ పెరిగిన పిల్లల చేతులకు ఈ పని తొందరగా పట్టుబడుతుంది. ఇంగ్లీషు దగ్గర వెనకబడ్డామనుకునే పిల్లలు ఈ టేబుల్ దగ్గర ముందుంటారు.

రెండో ఏడాది చాలామందికి బరువుగా అనిపిస్తుంది. పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, డెంటల్ మెటీరియల్స్ ఒకవైపు, ప్రీక్లినికల్ పని ఇంకోవైపు. పళ్ల సెట్టు అమర్చడం, బొమ్మ తల మీద డ్రిల్లింగ్ నేర్చుకోవడం. పీకేసిన నిజమైన పళ్లు కూడా కావాలి. మీ టౌన్లో ఒక పూట కూర్చున్న ఆ డెంటిస్టును అడిగితే దాచి ఇస్తారు. వాటిని ఎలా శుభ్రం చేయాలో, ఎందులో ఉంచాలో డిపార్ట్‌మెంట్లో అడిగి అలాగే చేయండి.

థర్డ్ ఇయర్‌లో రోగులు మొదలవుతారు. అంతకుముందే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయిపోవాలి. మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. అంటే సెకండ్ ఇయర్ మధ్యలో మొదలుపెట్టాలి.

క్లినిక్‌లో మన పిల్లలకు ఒక బలం ఉంది, అది కాలేజీ నేర్పేది కాదు. ఊళ్ల నుంచి వచ్చే పెద్దమ్మ "పన్ను పీకిస్తే కంటిచూపు పోతదట కదా బిడ్డా" అంటే, పక్కనున్న సిటీ విద్యార్థికి ఏం చెప్పాలో తోచదు. మనం ఆ మాట మన నాయనమ్మ నోట వినే పెరిగాం. "నీ కంటి నరం వేరు, పంటి నరం వేరు పెద్దమ్మా, పోయిన వారం ఇదే ఊరి నుంచి ఒకాయన తీయించుకున్నడు, బాగనే ఉన్నడు" అని ఆమె భాషలో చెప్పగలం. బీపీ, షుగర్ గోళీలు వేసుకుంటున్నారా అని అడిగితే "లేదు" అనే మనిషి, "పొద్దున ఏమైనా గోళి మింగినవా?" అంటే సంచిలోంచి తీసి చూపిస్తారు. ఇంజెక్షన్ ఇచ్చేముందు ఆ ఒక్క ప్రశ్న ఎంత ముఖ్యమో మీకు ముందు ముందు తెలుస్తుంది. జర్దా, గుట్కా తినేవాళ్లతో కూడా కసురుకోకుండా మాట్లాడటం మనకు వచ్చు. నోరు తెరవలేకపోతున్న మనిషినీ, బుగ్గలో తెల్లమచ్చ ఉన్న మనిషినీ అలా మాట్లాడి బయాప్సీకి (చిన్న ముక్క తీసి క్యాన్సర్ ఉందేమో చూసే పరీక్షకు) ఒప్పించవచ్చు.

ఫైనల్ ఇయర్‌లో ఎనిమిది సబ్జెక్టులు, ప్రతిదానికీ క్లినికల్ కోటా, అంటే ఇంతమంది రోగులకు పని చేసి చూపించాలన్న లెక్క. కోటా పని వాయిదా వేయకండి, చివరి రెండు నెలల్లో రోగుల కోసం అందరూ పోటీ పడతారు.

అమ్మాయిలకు ఒక మాట. మూడో ఏడాదికల్లా ఇంట్లో పెళ్లి మాట వస్తుంది. కోపం తెచ్చుకోకుండా, ఇంటర్న్‌షిప్ ఎప్పుడు అయిపోతుందో, ప్రాక్టీసుకు కావాల్సిన డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎప్పుడు వస్తుందో కాగితం మీద నెలతో సహా రాసి ఇవ్వండి. మా ఇంట్లో అది క్యాలెండర్ పక్కన గోడకు ఉండేది. ఎవరు అడిగినా బాపు దాన్నే చూపించేవాడు.

పాసయ్యాక

ఇంటర్న్‌షిప్ ఏడాది స్టైపెండ్ వస్తుంది. ఎంత, ఎప్పుడు అన్నది కాలేజీని బట్టి మారుతుంది. అది పూర్తయ్యాక ఒరిజినల్ సర్టిఫికెట్లు అన్నీ లెక్క చూసి తీసుకుని, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి. ఆ నంబరు లేకుండా ప్రాక్టీసు చేయకూడదు. 1948 నాటి డెంటిస్టుల చట్టం స్థానంలో 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం వచ్చింది. లైసెన్సుకూ పీజీ ప్రవేశానికీ ఆధారంగా ఉండే ఎగ్జిట్ టెస్ట్ ఒకటి ఆ చట్టంలో ఉంది. ఇప్పుడు చేరేవాళ్లు మొదటి ఏడాది నుంచే దాన్ని దృష్టిలో పెట్టుకుని చదవాలి.

మొదటి ఉద్యోగానికి వెళ్లినప్పుడు జీతం కంటే ముందు రెండు విషయాలు చూడండి. సీనియర్ పక్కన నిలబడి రూట్ కెనాల్, సర్జరీ చూపిస్తారా లేదా. పరికరాలు ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో) పెడుతున్నారా లేదా. రెండోది లేని చోట ఒక్క రోజు కూడా పనిచేయకండి. మొదటిది ఉన్న చోట జీతం కొంచెం తక్కువైనా ఏడాది ఉండండి.

ఎండీఎస్, అంటే డెంటల్ పీజీ చేయాలంటే నీట్ ఎండీఎస్ రాయాలి, మూడేళ్లు. ప్రభుత్వ డెంటల్ సర్జన్ పోస్టుల నోటిఫికేషన్లు అరుదుగా వస్తాయి, వచ్చినప్పుడు తప్పకుండా పెట్టండి. కానీ వాటి కోసం పని మానేసి కూర్చోవద్దు. అమెరికాలో ప్రాక్టీసు చేయాలనుకునే మన పిల్లలు అక్కడి డెంటల్ బోర్డు పరీక్ష ఐఎన్‌బీడీఈ రాసి, అక్కడి డెంటల్ కాలేజీలో మళ్లీ రెండు మూడేళ్లు చదవాలి. ఖర్చు చాలా పెద్దది. గల్ఫ్‌లో మా జిల్లా వాళ్లు ఇంటింటికీ ఉన్నారు కాబట్టి అక్కడికి వెళ్లమని చుట్టాలు చెబుతారు. దానికి కూడా లైసెన్సు పరీక్ష, పని అనుభవం కావాలి. పాసైన మరుసటి నెల వెళ్లేది కాదు.

సొంత క్లినిక్ తొందరపడి అప్పుతో తెరవకండి. రెండు మూడేళ్లు పనిచేశాక, కుర్చీ ఎవరైనా రిటైరవుతున్న డాక్టరు దగ్గర పాతది చూసుకుని, ఆటోక్లేవ్, ఎక్స్‌రే మాత్రం మంచివి కొత్తవి కొనండి. కంప్రెసర్ చప్పుడుకు పక్కింటివాళ్లు గొడవ పడకుండా వెనక గది ఉందా చూసుకోండి. అద్దె రెండు వేలు ఎక్కువైనా గ్రౌండ్ ఫ్లోరే తీసుకోండి. పళ్ల సెట్టు కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమంది మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లే.